తహసీలు ముచ్చట

కట్టెలు జర లోపలికి నూకుండ్రి, పొగంత మీ నాయినమ్మ దిక్కే పోతున్నది. ఆఁ, గట్ల. ఇయ్యాల రాజుల కథ గాదు, దయ్యాల కథ గాదు, ఒక్క మాట ముచ్చట చెప్త, ఇనుండ్రి. అది మీకందరికి ఎరికున్న మాటనే. తహసీలు. తహసీల్దారు అంటరు, తహసీల్ ఆఫీసు అంటరు. మా ఊర్ల ముసలోళ్ళు తాసీలు అనేటోళ్ళు. రెవెన్యూల గుమాస్తాగ చేరిన దినం నుంచి రిటైరైన దినం దాక ఆ మాట నా నోట్లె నానిందే. కని దాని కడుపుల ఎంత దాగున్నదో నాకు చెప్పినాయిన మా దఫ్తర్ల ఉండె ముంషీ సాబ్. పాత ఉర్దూ కాయితాలు సదివి తర్జుమా చేసేటాయిన. ఫార్సీ ఆయనకు మంచినీళ్ళ ప్రాయం, అరబీ గూడ సదివిండు. పగటి అన్నం తిన్నంక వేపచెట్టు కింద కూసోని బీడీ ముట్టిచ్చిండంటె ఒక్కొక్క మాటను బొక్కల సందుల మూలుగ తీసినట్టు తీసేటోడు.

ముందుగాల మన జాగ సంగతి చెప్పాలె. లక్డీకాపూల్ అంటె కట్టె వంతెన. కట్టె ఎప్పుడో పోయింది, పేరు నిలిచింది. ఇప్పుడు పైన మెట్రో, కింద ఎంఎంటీఎస్. గీడికెళ్ళి రెడ్‌హిల్స్ దిక్కు పోతె నీలోఫర్ దవాఖాన. ఇటు దిక్కు మొన్నమొన్నటి దాక రంగారెడ్డి జిల్లా కలెక్టరాఫీసు. ఏసీ గార్డ్స్ అనె బస్తీ ఉన్నది గద, అది ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన హబ్షీ సిపాయిల ఫౌజు ఉండె జాగ. సైఫాబాద్ల 1903ల పెట్టిన పాత టంకసాల ఉన్నది. గల్లీ మొగదాల ఇరానీ హోటల్ ఉండనే ఉండె. అరబీల పుట్టిన ఒక్క మాట తుర్కీ దేశం, ఇరాన్ దేశం తిరిగి, ఒక్కొక్క కాడ ఒక్కొక్క అర్థం మోసుకోని, కడకు గీ మైలు జాగల అందరి నోట్ల కలుసుకున్నదంటె నమ్ముతరా? నేను జూసిన.

మొదలు అరబీల ఏమున్నదో చూడుండ్రి. అరబీ మాటలకు మూడక్షరాల వేరు ఉంటది. ఈ మాటకు హా, సాద్, లామ్. హసల అంటె దొరికింది, చేతికొచ్చింది అని. హాసిల్ అన్నా గదే వేరు. దాన్ని ఇంకింత బిగబట్టి 'తహసీల్' అంటె, రాబట్టుడు. అయితె పాత అరబీ నిఘంటువుల్ల దీనికి ఒక ముచ్చటైన అర్థం రాసిండ్రని ముంషీ సాబ్ చెప్పిండు. గని రాయిల నుంచి బంగారం తీసుడు తహసీలు. గడ్డిల నుంచి గోధుమ గింజ వేరు చేసుడు తహసీలు. తూరుపార పట్టినంక మిగిలిన తాలును గూడ గదే వేరు నుంచి వచ్చిన మాటతోటి 'హుసాల' అంటరంట.

గీ మాట ఇనంగనె నాకు మా ఊరి కల్లం కండ్ల ముంగట నిలవడ్డది. మీరు కల్లం చూసిండ్రో లేదో. నేలను పేడతోటి అలికి అద్దం లెక్క చేసేటోళ్ళు. పనలు పరిచి, నడుమ మేటి కట్టెకు ఎడ్లను కట్టి తిప్పుతుంటె గింజ రాలుతది. గాలి జూసుకోని ఒగలు ఎత్తు పీట మీద నిలవడి చాటను తల మీదికి లేపి మెల్లగ వదులుతరు. గింజ కాళ్ళ కాడ పడ్తది, పొట్టు దూరం పోతది, తాలు నడుమ పడ్తది. మా అవ్వ చీపురు వట్టుకోని ఆ నడిమి గీత మీదనె నిలవడేది. తాలు గింజలల్లకు రావద్దు, గింజ తాలులకు పోవద్దు. ఆమె చేసిందే అసలు తహసీలు. అరబీ నిఘంటువు రాసిన పండితులు గూడ ఎన్నడో ఏదో కల్లం కాడ నిలవడి చూసినోళ్ళే అయ్యుంటరు.

కని మా తాతకు తహసీలంటె కల్లం గాదు, కల్లం కాడికి వచ్చేటోడు. ఆయన చిన్నతనంల పంట మీద బటాయి నడిచేది. రాశి పోసినంక రైతు దాన్ని ముట్టరాదు. కట్టె ముద్రను బూడిదల అద్ది రాశి చుట్టు గుద్దేటోళ్ళు. ఒక్క ముద్ర చెరిగినా దొంగతనం కింద లెక్క. దొర మనిషి వచ్చి, కొలిచి, పాలు తీసుకుపోయేదాక వాన పడ్డా, ఎలుక తిన్నా, పిల్లలు పస్తున్నా రాశి రాశి లెక్కనే ఉండాలె. ఎవుసం చేసి గింజ వేరు చేసింది మనం. ముద్ర వేసింది వాండ్లు. మా తాత ఈ ముచ్చట చెప్పినప్పుడల్ల పండ్లు కొరికేటోడు. ఆయన కోపం నాకు ఇయ్యాల్టికి చల్లారలేదు, దాపరికం ఎందుకు.

సర్కారు దిక్కు చూస్తె ఇంక ఘోరం ఉండె. మొదటి సాలార్‌జంగ్ 1853ల దివాను కాకముందు నిజాం రాజ్యంల తాలూకాలను గుత్తకు ఇచ్చేటోళ్ళు. అప్పులు ఇచ్చిన సాహుకార్లు, అరబ్బు జమాదార్లు, రొహిల్లాలు, ఎవని చేతిల బలముంటె వాడు గుత్త పట్టేటోడు. సర్కారుకు ఒప్పుకున్నది ఇచ్చి, రైతుల నుంచి ఎంత పిండుకుంటె అంత వానిది. సాలార్‌జంగ్ వచ్చి ఆ గుత్తలు తెంపిండు. 1865ల జిలాబందీ అని పెట్టి రాజ్యాన్ని జిల్లాలు చేసిండు, జీతాల మీద నౌకర్లను పెట్టిండు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, అంటె ఇప్పటి కలెక్టరు. తాలూకాకు తహసీల్దారు. చూడుండ్రి, లక్నో దిక్కు అవధ్ల తాలూక్‌దార్ అంటె పెద్ద జమీందారు, కోటలు గట్టుకున్న దొర. మన దిక్కు తాలూక్‌దార్ అంటె నెల జీతం తీసుకునె కలెక్టరు. రెండూ ఒక్కటే మాట. మాట ఎక్కడ దిగితె అక్కడి కుర్చీని బట్టి మారుతది.

తహసీలుకు గూడ గదే అయ్యింది. ఉత్తర హిందుస్తాన్ల తహసీల్ అంటె జాగ పేరు, జిల్లాల ఒక తునక. మనకాడ ఆ తునక పేరు తాలూకా. తహసీల్ అంటె కచేరీ, ఆ కచేరీల జరిగె పన్ను జమ. 'తాసీలుకు పోయొచ్చిన' అంటె గుండె చేత వట్టుకోని పోయి, రకం కట్టి, పావతి తెచ్చుకున్న అని.

రకం అన్న గద, గీడ జర ఆగాలె. పప్పులు ఎన్ని రకాలు, చీరలు ఎన్ని రకాలు అని పొద్దందాక అంటం. ఎవలన్న ఇది పరాయి మాట అనుకుంటరా? ఇది గూడ అరబీదే. 'రఖమ్' అంటె అరబీల అంకె. తుర్కీల 'రకమ్' అంటె గూడ అంకెనే, ఒకటి, రెండు, మూడు. ఉర్దూల రఖమ్ అంటె పైసల మొత్తం. పాత లెక్కల బుక్కులల్ల ఒక్కొక్క పద్దును ఒక రఖమ్ అనేటోళ్ళు. పద్దు పద్దుకు సరుకు వేరు, కాబట్టి రఖమ్ అంటె వేరు వేరు తీరు అనె అర్థం వచ్చి ఉంటదని ముంషీ సాబ్ అనేటోడు. ఇరాన్ల ఇప్పటికి గూడ వ్యవసాయం సదివినోళ్ళు గోధుమ రకాన్ని, వరి రకాన్ని 'రఖమ్' అనె అంటరు. కాబూల్ దిక్కు 'చి రఖమ్' అంటె 'ఏ తీరు' అని. మన తెలుగు రైతు, కాబూల్ బజార్ల మేవా అమ్మేటాయన ఒక్క మాటనే ఒక్క అర్థంల వాడుతున్నరు, ఒగల ముఖం ఒగలు చూసుకోలేదు గద!

ఆ రఖమ్ రాసె పద్ధతి గూడ చిత్రం. దాన్ని సియాఖ్ అనేటోళ్ళు. మామూలు అంకెలు గాదు. అరబీల పది, ఇరవై, నూరు అనె మాటలనే కుదిచి కుదిచి, తోకలు కత్తిరిచ్చి, ఒక్క గీతల మడిచేటోళ్ళు. చూస్తె కలం జారి పడ్డ మరకల లెక్క ఉంటది. తెల్వనోడు ఒక్క అంకె దిద్దలేడు, దొంగలెక్క రాయలేడు. మొగలుల దఫ్తర్లల్ల, నిజాం దఫ్తర్లల్ల, అటు ఇస్తాంబుల్ల ఉస్మానీ సుల్తానుల ఖజానాల గూడ లెక్కలు గిట్లనే రాసిండ్రు, చేతివాటం జర తేడా అంతే. ఇయ్యాల ఆ రాత సదివేటోళ్ళు బహు తక్కువ. 2018ల కంప్యూటర్ అక్షరాల పట్టిక యూనికోడ్‌ల మన హిందుస్తానీ సియాఖ్‌కు జాగ ఇచ్చిండ్రు, 2019ల ఉస్మానీ సియాఖ్‌కు ఇచ్చిండ్రు. నాకు ఆ సంగతి తెలిసిన దినం ముంషీ సాబ్ లేకపాయె అని శానా బాధైంది. ఆయన చేతి కింద ఆ మరకలు గడగడ రూపాయలు, అణాలు అయ్యేటివి.

ఇగ ఇరానీ సేఠ్ ముచ్చట. మా దఫ్తర్ కాడి ఇరానీ హోటల్ల గల్లా మీద ఒక ముసలాయన కూసునేది. పౌనా చాయ్, ఉస్మానియా బిస్కెట్ మాకు రోజు ఉండాల్సిందే. ఒకనాడు ఆయన బాగ ఖుషీల ఉండి, కొడుకు తహసీల్ కోసం ఇరాన్ పోయిండని చెప్పిండు. మా వాండ్లు ముఖాలు ముఖాలు చూసుకున్నరు. హోటల్ వదిలిపెట్టి ఇరాన్ పోయి పన్ను వసూలు చేసుడేంది అని. ముంషీ సాబ్ నిమ్మళంగ చాయ్ తాగి, పిలగాడు ఏం సదువుతున్నడు అని అడిగిండు. బయటికొచ్చినంక మాకు చెప్పిండు: ఫార్సీల తహసీల్ అంటె సదువు. తహసీలాత్ అంటె సదువులు. పెద్ద సదువు అయిపోయినోన్ని 'ఫారిగ్-ఉల్-తహసీల్' అంటరు, అంటె తహసీలు నుంచి ఖాళీ అయినోడు. ఇల్మును, జ్ఞానాన్ని రాబట్టుకునుడు గూడ రాబట్టుకునుడే గద! ఉర్దూల గూడ ఈ అర్థం బుక్కులల్ల ఉన్నది, 'తహసీల్-ఎ-ఇల్మ్' అని. కని బుక్కులల్లనే. బజార్ల ఉర్దూ మాట్లాడేటోన్ని అడుగు, తహసీల్ అంటె కచేరీ దిక్కే వేలు చూపెడ్తడు.

తుర్కీ ముచ్చటకు నీలోఫర్ దవాఖాన చాలు. ఆ పేరు ఎవలిదో మీకు ఎరికేనా? ఉస్మానీ సుల్తానుల వంశపు పిల్ల. 1924ల ఖిలాఫత్ రద్దు చేసి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను, ఆ ఖాందాన్‌ను తుర్కీ దేశం నుంచి వెళ్ళగొట్టిండ్రు. వాండ్లు ఫ్రాన్స్‌ల నీస్ అనె పట్నంల దిగిండ్రు. నిజాం ఉస్మానలీ ఖాన్ ఖలీఫాకు నెలనెలా పింఛన్ పంపిండు. 1931 నవంబర్ల ఆ నీస్‌లనే నిజాం పెద్ద కొడుకు ఆజం జాకు ఖలీఫా బిడ్డ దుర్రు షెహ్వార్‌ను, రెండో కొడుకు మొఅజ్జం జాకు నీలోఫర్‌ను ఇచ్చి నిఖా చేసిండ్రు. గట్ల ఇద్దరు తుర్కీ కోడండ్లు హైదరాబాద్‌కు వచ్చిండ్రు. నీలోఫర్ దగ్గర పనిచేసె ఒక ఆడమనిషి కాన్పుల చచ్చిపోయిందని, ఇగ ఏ తల్లి గిట్ల పోవద్దని ఆమె పట్టువడితె ఈ దవాఖాన లేచిందని చెప్తరు. 1953ల తెరిచిండ్రు. అప్పటికి ఆమె ఇక్కడ లేదు. మీ నాయిన పుట్టింది గూడ ఆ దవాఖానలనే.

వాండ్ల తుర్కీ భాషల గూడ తహసీల్ అంటె సదువు. సదువుకున్నోన్ని 'తహసిల్లి' అంటరు. 1928ల తుర్కీ దేశం అరబీ లిపి తీసేసి లాటిన్ అక్షరాలు పెట్టుకున్నది, 1932 నుంచి అరబీ, ఫార్సీ మాటలు ఏరిపారేసె పని మొదలైంది. సదువుకు సొంత తుర్కీ మాట కట్టిండ్రు. అయినా ముసలోళ్ళ నోట్ల నుంచి తహసీల్ పోలేదు. పైసలు రాబట్టుడు అనె అర్థం గూడ వాండ్లకు ఉన్నది, బ్యాంకులల్ల నడుస్తది. వాండ్లకు గూడ తహసీల్దార్ ఉండె. కని తాలూకాకు దొర గాదు. సంచి చంకలేసుకోని ఇంటింటికి తిరిగి పన్నో, కిరాయో వసూలు చేసె మనిషి.

ఇప్పుడు నా మనసుల ఉన్నది చెప్తున్న. దుర్రు షెహ్వార్ యాకుత్‌పురాల ఆడపిల్లలకు కాలేజీ పెట్టిచ్చింది. ఆమె తల్లిభాషల ఆ పని పేరు తహసీల్. ఆమె మామ రాజ్యంల, ఊర్లల్ల, గదే మాట ఇంటె ఆడోళ్ళు తలుపు ఎనకకు పోయేటోళ్ళు. ఒక్క ఇంట్ల రెండు అర్థాలు. మా దిక్కు ఈ మాటకు సదువు అనె అర్థం ఎందుకు రాలేదో నాకు బాగ ఎరుక. సర్కారు మా ఊరికి వచ్చింది రాబట్టనీకే. పట్వారీ వచ్చిండు, గిర్దావరు వచ్చిండు, పోలీస్ పటేలు వచ్చిండు, బడిపంతులు రాలేదు. మా నాయిన సదువు కోసం పట్నం నడిచొచ్చిండు. బడిల ఉర్దూ, కచేరీల ఉర్దూ. ఉస్మానియా యూనివర్సిటీ 1918ల పెట్టిండ్రు, దేశభాషల పెద్ద సదువు చెప్పుడు గొప్ప సంగతే, నేను కాదనను. కని ఊర్ల తెలుగు తప్ప తెల్వని పిలగానికి ఆ మెట్లు శానా ఎత్తు. అందుకే సుల్తాన్ బజార్ల 1901ల పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమన్నా, 1918ల రాజా బహద్దూర్ వెంకట్రామిరెడ్డి ముందువడి పెట్టిన రెడ్డి హాస్టలన్నా మా నాయిన చేతులు జోడిచ్చేటోడు. ఆయనకు తహసీలు దొరికింది గా తావులల్ల.

ఇంకో మాట జెప్పుడు మరిచిపోయేటోన్ని. తాలీమ్. అరబీల, ఫార్సీల, ఉర్దూల తాలీమ్ అంటె సదువు చెప్పుడు. తుర్కీల తాలీమ్ అంటె సిపాయిల కవాతు. మన హైదరాబాద్ల తాలీమ్ అంటె ఏంది? తాలీమ్‌ఖానా, పహిల్వాన్లు మన్నుల కుస్తీ పట్టె జాగ! సదువు మాట పోయి దండీలు తీసేటోళ్ళ కాడ చేరింది, పన్ను మాట పోయి తెహ్రాన్ల బడిల చేరింది.

వసూలుది గూడ గంతే. మన పెద్దోడు దుబాయి పోయొచ్చినప్పుడు అడిగిండు, విమానాల అడ్డల అరబీల 'వుసూల్' అని రాసున్నదంట, అక్కడేం వసూలు చేస్తరు తాతా అని. ఏం చేయరు బిడ్డా, అది 'వచ్చేటోళ్ళ తొవ్వ'. అరబీల వుసూల్ అంటె చేరుకునుడు. మనకు పైసలు చేరుడు ఒక్కటే గుర్తున్నది. కరీంనగర్, నిజామాబాద్ పోరగాండ్లు ఎంతమంది ఆ బోర్డు కింది నుంచి పోయి, అప్పులు తీర్చనీకి రెక్కలు ముక్కలు చేసుకున్నరో, వాండ్లకు రెండు అర్థాలు ఒక్కటే అయినయి.

సర్కారు జిల్లాల నుంచి, అంటె కోస్తా దిక్కు నుంచి వచ్చినోళ్ళు తహసీలు వేరును ఇంకో తీరు మలుపుకున్నరు. రాష్ట్రాలు కలిసినంక మా దఫ్తర్ల గుంటూరు దిక్కు దోస్తు ఒకాయన నా పక్క కుర్చీల ఉండె. సంక్రాంతికి ముందు 'మాసూళ్ళు అండీ, ఊరు వెళ్ళాలి' అని లీవు రాసేది. మాసూళ్ళు అంటె పంట ఇంటికి తెచ్చుకునుడు. అది గూడ 'మహసూల్', గదే హా, సాద్, లామ్. నిజాం సర్కార్ల మహసూల్ అంటె సుంకం, కరోడ్‌గిరి నాకాల గుంజేది. తుర్కీల మహసూల్ అంటె పంట. గుంటూరు రైతు, తుర్కీ రైతు మహసూల్ అంటె గింజల దిక్కు చూస్తరు, మనం జేబు దిక్కు చూసుకుంటం. ఆ దోస్తు మాట నాకు శానా నచ్చేది. మాసూళ్ళు అనంగనె ఆయన ముఖం ఇచ్చుకునేది.

1978ల రంగారెడ్డి జిల్లా చేసినప్పుడు నేను గీ లక్డీకాపూల్ దఫ్తరుకు వచ్చిన. 1984ల పటేల్ పట్వారీలను తీసేసిండ్రు. 1985ల ఎన్టీ రామారావు తాలూకాలు తీసి మండలాలు పెట్టిండు. తహసీల్దారు పోయి ఎంఆర్వో వచ్చిండు. జనానికి కచేరీ దగ్గరైంది, అది మంచే అయ్యింది. కని మా ఊరి ముసలోళ్ళు ఎంఆర్వో అనలేక తాసీల్దారనే అన్నరు. కొన్నేండ్లకు సర్కారే మళ్ళ తహసీల్దార్ అని బోర్డు రాసింది. నిజాం కాలం చట్టాలు గూడ గట్లనే నిలిచినయి. భూమి శిస్తు చట్టం ఇయ్యాల్టికి 1317 ఫసలీ అనే అంటరు, ఐదువందల తొంభై కలుపుకుంటె 1907.

అయితె ఇప్పుడు ఒక్కటి మారింది. నేను నౌకరీల చివరి ఏండ్లల్ల చూసిన. కచేరీ ముంగట లైన్ కట్టేటోళ్ళు పన్ను కట్టనీకి వచ్చినోళ్ళు గాదు. భూమి శిస్తు అనేదే అడుగంటింది. పిలగాండ్లను వెంటవెట్టుకోని తల్లులు వచ్చేటోళ్ళు, కులం సర్టిఫికెట్ కోసం, ఆదాయం సర్టిఫికెట్ కోసం. కాలేజీల సీటుకు, స్కాలర్‌షిప్‌కు, ఫీజు వాపసుకు తహసీల్దారు దస్తకత్ కావాలె. ఆ కట్టలు నా టేబుల్ మీదికి వస్తె పక్కకు పెట్టబుద్ధి గాకపోయేది. మా తాత కల్లం కాడ ముద్ర గుర్తొచ్చేది. ఇది గూడ ముద్రే, గదే కచేరీ ముద్ర, కని పిల్లను బడికి పంపె ముద్ర. పొద్దు గూకినా ఉండి సంతకానికి పంపిచ్చేటోన్ని.

ఏమే బిడ్డా, నీ కాలేజీ వాండ్లు గూడ ఆ సర్టిఫికెట్లే అడిగిండ్రని మీ అమ్మ చెప్పింది. రేపు పొద్దుగాల మీసేవ తెరువంగనె పోదాం. ఆధార్ కార్డు, రేషన్ కార్డు నకలు ఇప్పుడే తీసి సంచిల పెట్టుకో. పేరుల అక్షరం తప్పు లేకుంట చూసుకో, తప్పు పడ్డదంటె మళ్ళ దరఖాస్తు పెట్టాలె. ఇగ లేవుండ్రి, నీళ్ళు చల్లి మంట ఆర్పుండ్రి.